ఏసుకున్నావా?

“ఓలమ్మా, నీలిమా! సెప్పు ఒగ్గీసి ఎలిపోతన్నావేటే?”

గాజువాక ఆటో దిగి, కూర్మన్నపాలెం జంక్షన్లో రోడ్డు దాటి, పళ్ళబండ్ల వరస చివరిదాకా వచ్చేసిన నీలిమ ఆ కేకకి ఆగింది. మూల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే చిలకమ్మ విసనకర్ర ఎత్తి రోడ్డు వైపు చూపిస్తోంది. డివైడర్ పక్కన ఒక చెప్పు బోర్లా పడి ఉంది. అది తనదే.

నీలిమ కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలు వట్టి తారు మీద ఉంది.

మే నెల. సాయంత్రం ఐదు దాటినా రోడ్డు మీంచి సెగ లేస్తోంది. డివైడర్ నుంచి ఇక్కడికి పాతిక అడుగులైనా ఉంటాయి.

“కాలు కాల్లేదేటే నీకు? నాను గోనె మడతెట్టుకుని కూకున్నాను, అయినా మండిపోతంది.”

“ఏదో ఆలోచిస్తన్నానప్పా.”

“ఆలోసన బుర్రకి గానీ కాలికేటి?” అని నవ్వి, చిలకమ్మ మళ్ళీ బొగ్గులు విసరటంలో పడింది.

లారీ ఒకటి పోయేదాకా ఆగి, నీలిమ వెళ్ళి చెప్పు తెచ్చుకుంది. పట్టీ తెగలేదు, వదులు కూడా కాలేదు. గోడ పట్టుకుని నిలబడి కాలివేళ్ళు ఆడించి చూసింది. ఆడుతున్నాయి. ఆడుతున్నట్టు కంటికి తెలుస్తోంది తప్ప కాలికి తెలియటం లేదు. చెప్పు తొడుక్కుంది. తొడుక్కున్న సంగతి కూడా చూసే తెలుసుకుంది.

ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని అరికాలు చూసుకుంది. మడమ దగ్గర ఎర్రగా కందింది, అంతే. వంట మొదలుపెట్టింది. ఉదయ్‌కుమార్ స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి నిద్రపోయి లేచాడు. ఎనిమిదింటికి ఇద్దరికీ కంచాలు పెడుతూ అడిగాడు.

“ఏసుకున్నావా?”

ఏడేళ్ళ కాపురంలో పూటకోసారి అడిగే మాట. గ్యాసు కట్టేశావా, తలుపు వేశావా అన్నట్టే అడుగుతాడు. పొద్దున్న ప్లాంటు నుంచి ఫోన్ చేసినా అదే మొదటి మాట. అడగని రోజు లేదు. అందుకు అతన్ని తప్పుపట్టడానికి కూడా లేదు.

“ఇదిగో, ఏసుకుంటన్నాను బావా.”

నీలిమ వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసింది. గుడ్లు పెట్టే గుంటల్లో, అల్లం ముక్క పక్కన ఇన్సులిన్ పెన్ను ఉంది. దాన్ని చూస్తూ మనసులో పది లెక్కపెట్టింది. తలుపు వేసింది, చప్పుడయ్యేలా.

“ఏసుకున్నాను.”

“ఊఁ, రా మరి. సల్లారిపోతంది.”

నిద్రపోయే ముందు వేసుకునే పెద్ద సూది ఒక్కటే ఇప్పుడు ఆమె వేసుకుంటోంది. అదీ మానేస్తే రెండు రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఉంటుందని తెలుసు. తిండికి ముందు వేసుకోవాల్సిన మిగతా మూడూ ఒక్కొక్కటే వదిలేసింది. ముందు పొద్దుటిది, తర్వాత మధ్యాహ్నానిది. ఆ రెండూ ఎందుకు మానేసిందో ఆమెకి తెలుసు. రాత్రి అన్నం ముందుది ఎందుకు మానేసిందో తెలియదు. మానేసిన మర్నాడు ఏమీ కాలేదు. ఆ మర్నాడూ ఏమీ కాలేదు. పన్నెండో ఏట మొదలుపెట్టింది, ఇప్పుడు ఇరవయ్యెనిమిది. రోజుకి నాలుగు సూదులు, నాలుగుసార్లు వేలు పొడుచుకోవటం. ఒక్కనాడు సెలవిచ్చిన వాళ్ళు లేరు. తనకి తనే ఇచ్చుకుంది.

ఆటోనగర్లో ఆమె పనిచేసే షెడ్డులో వెల్డింగు వాళ్ళకీ, కొలిమి పనివాళ్ళకీ తోలు తొడుగులు కుడతారు. పద్నాలుగు మిషన్లు. అరచేతి ముక్క, వెనక ముక్క, బొటనవేలి ముక్క, మణికట్టు పట్టీ. అన్నీ తిరగేసి కుట్టాలి. కుట్టాక జైతూన్ బీ దగ్గరికి పంపితే ఆవిడ ఒక్కోవేలినీ నిలువు ఊచ మీదికి తొడిగి లోపలిది బయటికి తీస్తుంది. ముద్దలా వెళ్ళిన తోలు చెయ్యిలా బయటికొస్తుంది. బొటనవేలు ఏ వైపు అతికితే అది ఆ చేతిది. కుట్టేటప్పుడు తిరగేసి ఉంటుంది కాబట్టి కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడుతుంది. కొత్తవాళ్ళు వారంపాటు తికమకపడతారు. ఆరేళ్ళుగా కుడుతున్న నీలిమ ముక్క చూడకుండానే కుట్టగలదు.

అయినా షెడ్డు మూల మేకుకి ఒక సంచీ వేలాడుతోంది. అందులో ముప్ఫైరెండు తొడుగులు. అన్నీ ఎడమచేతివే.

అవి ఫిబ్రవరిలో కుట్టినవి. ఆ రోజు మధ్యాహ్నం సూది వేసుకుని, చేతిలో ఉన్న కట్ట పూర్తిచేసి తిందామని పది నిమిషాలు ఆగింది. షుగర్ పడిపోయింది. పడిపోతే ఇదివరకు చెమట పట్టేది, వణుకొచ్చేది. ఇప్పుడవి రావటం మానేశాయి. కాలు పెడల్ తొక్కుతూనే ఉంది, చేతులు కుడుతూనే ఉన్నాయి. ఎవరో పిలిస్తే పలికింది కూడానట. ఊచ దగ్గర వరసగా ఎడమచేతులే వస్తున్నాయని జైతూన్ బీ లేచి వచ్చి చూసేసరికి నీలిమ ముప్ఫైమూడోది పట్టుకుని, బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక నవ్వుతోంది.

సూపర్‌వైజర్ సన్యాసిరాజు ఆ సంచీ తీయనివ్వలేదు. “ఉండనీండి. గ్యాపకం ఉంటాది,” అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఎడంసెయ్యి నీలిమ అయింది. ఆ రోజు నుంచే పనిలో ఉన్నంతసేపూ షుగర్ పడకుండా చూసుకోవటానికి తేలిక మార్గం దొరికింది. సూది వేసుకోకపోవటమే.

పడకపోతే పెరుగుతుంది. పెరిగితే దాహం, దాహానికి నీళ్ళు, నీళ్ళకి బాత్రూము. శుక్రవారం పన్నెండుగంటల లోపల నాలుగోసారి లేచింది.

“ఏటి ఎడంసెయ్యీ, బాత్రూం అద్దెకి తీసుకున్నావేటి?” సన్యాసిరాజు కుర్చీలోంచే అన్నాడు. “సామాను కూడా సర్దీసుకో మరి.”

మిషన్ల మీంచి నవ్వులు లేచాయి. చెడ్డ నవ్వులు కావు. నీలిమ కూడా నవ్వింది. “ఫ్యాను లేదు రాజుగారూ, పెట్టిస్తే సర్దీసుకుంటాను,” అంది. మళ్ళీ నవ్వారు. బాత్రూంలో గోడకి తల ఆనించి కాసేపు నిలబడింది. నోరు పిడచకట్టుకుపోయింది. కళ్ళ ముందు పంపు రెండుగా కనబడుతోంది.

తిరిగి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. రోజారమణి సిస్టరు. రిటైరయిన నర్సు. నెలకో ఆదివారం మధురవాడలో ఒక స్కూలు గది అడిగి తీసుకుని, చిన్నతనంలోనే షుగర్ వచ్చిన పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి మాట్లాడుతుంది.

“ఎల్లుండి గుర్తుంది కదమ్మా? ఆనందపురం అవతల నుంచి ఒకాయన వస్తున్నాడు. పూలతోట ఉంది. ఎనిమిదేళ్ళ పాప, జబ్బు బయటపడి నెలయింది. షుగర్ కాస్త దిగేసరికి తగ్గిపోయిందని మూడు రోజులుగా ఇంజెక్షను మానేశాడట. ఎవరో ఆకు పొడి ఇచ్చారట. నా మాట వినటం లేదు. నిన్ను చూస్తే వింటాడు. పదహారేళ్ళు, ఒక్కపూట తప్పలేదు. నువ్వొచ్చి చెబితే చాలు.”

“వస్తానండి,” అంది నీలిమ.

“నీ షుగర్ అంకెలు రాసుకునే పుస్తకం కూడా తీసుకురా. అందరికీ చూపిస్తాను.”

ఆ సాయంత్రం వంటింట్లో అన్నం వారుస్తుంటే, గచ్చు మీద చుక్కలు కనబడ్డాయి. గుమ్మం నుంచి పొయ్యిదాకా, అడుగుకొకటి. టమాటా రసం అనుకుంది. వంగి వేలితో రాసి చూసింది. కూర్చుని ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి కింద మెత్తటి చోట సన్నగా ఏదో మెరుస్తోంది. గోటితో లాగింది, రాలేదు. కనుబొమల వెంట్రుకలు తీసే చిమ్టా తెచ్చి లాగింది. తోలు కుట్టే మిషను సూది విరిగిన మొన, గోరంత పొడవు. పెడల్ తొక్కటానికి చెప్పులు విప్పుతారు. అక్కడెక్కడో దిగి ఉంటుంది. ఎప్పుడు దిగిందో, ఎంతసేపు దాని మీద నడిచిందో.

లాగినప్పుడైనా నొప్పి వస్తుందేమోనని ఆగి చూసింది. రాలేదు. అప్పుడు భయం వేసింది.

కాలు కడిగి, పాత లుంగీ గుడ్డ చింపి కట్టింది. చుక్కలు తుడిచేసింది.

“ఏసుకున్నావా?” గదిలోంచి ఉదయ్ అడిగాడు.

“ఏసుకున్నాను.”

శనివారం మధ్యాహ్నం క్యారియరు విప్పుతుంటే జైతూన్ బీ వచ్చి పక్కన చతికిలబడింది. అరవై దగ్గరపడిన మనిషి. రోజూ ఊళ్ళో పాతపోస్టాఫీసు వైపు నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. చేతిలో నీలిమ ఎడమచెప్పు.

“బాత్రూం కాడ పడున్నాది. నువ్వు ఇక్కడున్నావు.”

నీలిమ కాలు చూసుకుంది. ఈసారి కూడా తెలియలేదు.

జైతూన్ బీ లేచి మూలకి వెళ్ళింది. మేకు మీది సంచీలో చెయ్యి పెట్టి ఒక తొడుగు తీసుకొచ్చింది. కత్తెరతో మణికట్టు పట్టీని ఒకే పాయగా కోసింది. చెప్పుకి రెండు పక్కలా బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారంతో పట్టీని వెనక నుంచి కుట్టటం మొదలుపెట్టింది. మడమ జారకుండా పసిపిల్లల చెప్పులకి ఉంటుందే, అలా.

“అది తీస్తే రాజుగారు అరుస్తారు.”

“అరవనీ. కుడిది లేని తొడుగు ఎవడిక్కావాల బేటీ?” దారం పళ్ళతో కొరికింది. “మా ఆయనకీ ఇట్టాగే. ముందు చెప్పు జారేది. హార్బర్లో పడవ దిగి వట్టికాలితో ఇంటికొచ్చేసేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు.”

“తర్వాత?”

జైతూన్ బీ రెండో వైపు కుట్టు బిగించింది. “కాలు పెట్టి చూడు. బిగువైందా?”

“తర్వాత ఏమైందమ్మా?”

“బిగువైందో లేదో నీకు తెలవదు కదూ,” అని తనే వేలు దూర్చి చూసింది. “బాగుంది. నడువు.”

ఆ సాయంత్రం ఉదయ్ కూరగాయలకి వెళ్ళినప్పుడు నీలిమ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. మూడు నెలల గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఒక పేజీ నీలం పెన్నుతో, ఒక పేజీ నల్లపెన్నుతో రాసింది. 118, 132, 126, 141. నిజంలా ఉండాలని అక్కడక్కడా 190 వేసింది. దాని పక్కన “పెళ్ళిభోజనం” అని రాసింది. ఒకచోట అట్టు చట్నీ మరక కూడా అంటించింది. రాస్తుంటే ఆ అంకెల మనిషి మీద ఆమెకి అసూయ కలిగింది. వేళకి తిని, వేళకి పొడుచుకుని, పెళ్ళిళ్ళకి వెళ్ళి వస్తున్న మనిషి.

స్కూలు గదిలో బెంచీలు గుండ్రంగా వేశారు. ఏడెనిమిది కుటుంబాలు. పూలతోట ఆయన పేరు నీలకంఠం. గోళ్ళ సందుల్లో మట్టి. మడత నలగని తెల్లచొక్కా. పక్కన అతని తల్లి ముసలమ్మ. ఇద్దరి మధ్యా రెండు జడల్లో కనకాంబరాలు పెట్టుకున్న లిఖిత.

“ఈ అమ్మాయి నీలిమ,” అంది సిస్టరు. ఆమె గొంతులో గర్వం అందరికీ వినిపించింది. “నేను వార్డులో ఉన్నప్పుడు పన్నెండేళ్ళది. మొదటి ఇంజెక్షను నా చేత్తో చేశాను. ఇవాళ్టికి పదహారేళ్ళు. ఉద్యోగం చేసుకుంటోంది, కాపురం చేసుకుంటోంది. ఇదిగో పుస్తకం.”

పుస్తకం చేతులు మారింది. ఒకావిడ 190 మీద వేలు పెట్టి చిన్నగా నవ్వి, పక్కావిడకి చూపించింది. నీలిమ లేచి, దారిలో బస్సులో అనుకున్న మాటలు చెప్పింది. వేళ తప్పకూడదు, భయపడకూడదు, పళ్ళు తోముకున్నట్టే ఇదీ ఒక పని అనుకోవాలి. అందరూ తలలూపారు.

నీలకంఠం ఊపలేదు. “అమ్మా, సెడ్డగా అనుకోకు,” అన్నాడు. “నువ్వు పదారేళ్ళనించి ఏసుకుంటన్నావు, ఇంకా తగ్గనేదు. మా గుంట నెల్రోజులేసుకుంది, నూట నలభైకి వొచ్చీసినాది. మరి మాదే నయం గదేటి? నిన్ను సూత్తే పెద్ద బయం కూడా నేదు. నువ్వు బాగున్నావు. ఈ జబ్బున్నోలు ఇలాగుంటే ఇంక బయమేటి?”

ఎవరో కిసుక్కున నవ్వారు. సిస్టరు నీలిమ వైపు చూసింది. అతను అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో నీలిమ కాలికి తెలుసు, నోటికి రావటం లేదు.

“నీకు ఎప్పుడైపోతాది?” అని అడిగింది లిఖిత.

“ఏటి?”

“సూదులు.”

“అయిపోవు,” అంది నీలిమ.

“అలాగనీకమ్మా గుంట ముందర,” అంది ముసలమ్మ, పిల్ల చెవుల మీద చేతులు పెడుతూ.

లిఖిత తల విదిల్చుకుంది. “ఇయ్యాల ఏసుకున్నావా?”

“ఏసుకున్నాను.” మాట దానంతటదే వచ్చేసింది.

పన్నెండున్నరకి భోజనాల పొట్లాలు వచ్చాయి. ఆ మీటింగులో ఒక పద్ధతి ఉంది. తినే ముందు అందరూ వేలు పొడుచుకోవాలి, పెద్దలు కూడా. ఒకరి అంకె పక్కన కూర్చున్న పిల్లలు పైకి చదవాలి. పిల్లలకి అదో ఆట. నీలిమకి ఆ సంగతి తెలుసు, రెండేళ్ళుగా వస్తూనే ఉంది. మొన్న సిస్టరు పిలిచినప్పుడు గుర్తు రాలేదో, గుర్తొచ్చీ ఊరుకుందో. లిఖితది ముందు చూశారు. రెండొందల ముప్ఫైయొకటి. “పొద్దున అరటిపండు తిన్నాది, అందుకు,” అన్నాడు నీలకంఠం.

లిఖిత వచ్చి నీలిమ పక్కన కూర్చుని మీటరు రెండు చేతులా పట్టుకుంది. నీలిమ వేలు పొడిచింది. చుక్క పెట్టింది. ఐదు సెకన్లు.

“నాలుగు,” చదివింది లిఖిత. “ఎనిమిది. ఆరు.”

“సరిగ్గా చదువమ్మా, తిరగేసి పట్టుకున్నావేమో,” అంది సిస్టరు.

“తిరగేయనేదు. నాలుగొందల ఎనబయ్యారు.”

“చేతికి ఏమైనా తీపి అంటి ఉంటుంది. కడుక్కుని రా నీలిమా.”

కడుక్కుని వచ్చింది. నాలుగొందల డెబ్బైతొమ్మిది. ఈసారి లిఖిత చదవలేదు, మీటరు తిప్పి సిస్టరుకి చూపించింది. పుస్తకం అప్పటికి ఒక కుర్రాడి తండ్రి చేతిలో ఉంది. అతను దాన్ని నెమ్మదిగా మూసి బెంచీ మీద పెట్టాడు.

నీలిమ వంగి పట్టీని మడమ మీంచి జార్చి ఎడమచెప్పు తీసింది. లుంగీ గుడ్డ విప్పింది. అది పచ్చగా తడిసి ఉంది.

“ఇది మిషను సూది విరిగిన మొన దిగిన చోటు,” అంది. నీలకంఠానికే చెప్పింది, అతన్నే చూస్తూ. “ఎప్పుడు దిగిందో తెలీదు, శుక్రవారం చూసుకున్నాను. దాని మీదే నడిచాను. గురువారం కాలిపోతన్న రోడ్డు మీద చెప్పు లేకుండా నడిచాను. నాకు తెలీలేదు. నాను బాగాలేను. ఏసుకోటం మానీసినాను. మానేస్తే ఏటీ కాదు. నిజంగానే ఏటీ కాదు. తెలీదంతే.”

నీలకంఠం లేచి వచ్చి ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. మొక్క వేరు చూసినట్టు కాలు పట్టుకుని చూశాడు. గాయం పక్కన బొటనవేలితో నొక్కాడు.

“నొప్పెట్టట్లేదా?”

“లేదు.”

ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఆమె ముఖంలోకి చూశాడు. ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను లేచి, చొక్కాకి చెయ్యి తుడుచుకోబోయి ఆగి, గోడకి ఆనించిన తమ సంచీ దగ్గరికి వెళ్ళాడు. ఆకు పొడి డబ్బా పక్కకి జరిపి, అడుగు నుంచి పాప ఇన్సులిన్ పెన్ను తీశాడు.

“ఎన్ని పాయింట్లండి?” అని సిస్టరుని అడిగాడు.

లిఖిత బెంచీ వెనక్కి జరిగింది. “ముందా యమ్మ ఏసుకోవాల. అబద్దం సెప్పింది గదా.”

నీలిమ తన సంచీలోంచి తన పెన్ను తీసి మూత విప్పింది. మీట తిప్పుతుంటే టకటకమని చప్పుడు. సిస్టరు చెప్పిన అంకె దగ్గర ఆపింది. చీర పక్కకి తప్పించి పొట్ట మీద పొడుచుకుంది. లిఖిత పెదవులు కదుపుతూ పది దాకా లెక్కపెట్టింది. పది లెక్కపెట్టటం వింటూ నీలిమ కళ్ళు మూసుకుంది. తర్వాత లిఖిత గౌను అంచు ఎత్తి నిలబడింది. ఏడ్చింది, కానీ కదల్లేదు.

సిస్టరు బస్టాపు దాకా వచ్చింది. బస్సు కనబడ్డాక అంది. “నిన్ను చూపించి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు నీలిమా.”

“తెలుసండి.”

“రేపు ఆ కాలు ఆసుపత్రిలో చూపించు. పనికి పోకు. ఇంట్లో కూడా చెప్పులు విప్పకు.” బస్సు ఆగింది. వచ్చే నెల రమ్మని ఆమె ఎప్పుడూ అనే మాట అనలేదు.

కూర్మన్నపాలెంలో దిగి ప్రతి అడుగుకీ కిందికి చూసుకుంటూ నడిచింది. “ఏటే, ఏదైనా పారేసుకున్నావా?” అని చిలకమ్మ అరిచింది. లేదని చెయ్యి ఊపింది. ఒక్క సూది వేసుకుంది. రేపు నాలుగు, ఎల్లుండి నాలుగు. కాలు చూసి రేపు ఆసుపత్రిలో ఏమంటారో తెలియదు. షెడ్డులో ఎల్లుండి తన మిషను మీద ఎవరుంటారో తెలియదు. లెక్క ముందుకి పోయేకొద్దీ మెట్లెక్కటం కష్టమైంది.

ఉదయ్ వంటింట్లో గుడ్లు వేపుతున్నాడు. ఆమె చెప్పులతోనే లోపలికి వచ్చి గోడకి ఆనుకుంది.

“ఓలమ్మ, ఏటది? వంటింట్లోకి సెప్పులేసుకొచ్చీసినావు?”

“విప్పకూడదంట.”

“ఎవులన్నారు?” అని, జవాబు కోసం చూడకుండా పెనం దించి, కంచంలో అన్నం వడ్డించటం మొదలుపెట్టాడు. “ఏసుకున్నావా?”

“లేదు.”

“ఊఁ, రా మరి. సల్లారిపోతంది.”

రెండో గరిటె అన్నం తీశాడు. కంచం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

“ఏటన్నావు?”

“ఏసుకోలేదన్నాను. పొద్దున్న ఏసుకోలేదు. నిన్న ఏసుకోలేదు, మొన్నా లేదు. నువ్వడిగిన ఏ పూటా ఏసుకోలేదు బావా.”

అతను ఫ్రిజ్ వైపు చూశాడు. ఆ తలుపు చప్పుడు ఎన్నిసార్లు విన్నాడో గుర్తుచేసుకుంటున్నట్టు చూశాడు. గరిటెలో అన్నం అలాగే ఆవిరి వదులుతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గిన్నెలో పెట్టేశాడు. వచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు.

నీలిమ ఎడమకాలు ముందుకి చాచింది. మడమ వెనక తోలు పట్టీ. అది ఎలా విప్పాలో అతనికి తెలియలేదు. పట్టీ అటూ ఇటూ లాగుతున్నాడు. అతని వేళ్ళు తన మడమకి తగులుతున్నాయో లేదో చూడటానికి ఆమె వంగింది.